కిలో లెక్క పనికీ ఓటీ ఉంది
(2023–24 వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య తరపున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, వాయిదాల లెక్కలు ఇందాక విన్నారు. ఇప్పుడు మేము మన పని గంటల లెక్క చెప్తాం.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ చేయడం ఎక్కువగా ఆడవాళ్ల పనే. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లు పనులున్నాయి. ఓటీ మాటెత్తితే మనవాళ్లు, "మాకేటి ఓటీ? కిలోకింతని ఇస్తారు, ఎంత చేస్తే అంత" అంటారు. యజమానులూ అదే మాట చెప్తారు. చట్టంలో మాత్రం అలాగ లేదు.

2023–24లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చూడండి. రోజుకి 9 గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటి చేయించుకుంటే ఆ పైగంటలకి మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. కిలో లెక్క వాళ్లకి మామూలు కూలి ఎంతో ఎలా తేల్చాలన్నదీ అదే సెక్షన్‌లో ఉంది. అంతకుముందు నెలలో అదే పని మీద, ఓటీ కలపకుండా, రోజుకి సగటున ఎంత సంపాదించామో అదే మన రోజు కూలి.

ఒక లెక్క వేద్దాం. పోయిన నెల 24 రోజులు పనికెళ్తే 9,600 రూపాయలు వచ్చాయనుకోండి. రోజుకి 400. ఎనిమిది గంటల పనికి గంటకి 50. ఈ వారం రోజుకి 9 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 54 గంటలు. పైగంటలు ఆరు. గంటకి 100 చొప్పున ఆ ఆరు గంటలకి 600 రావాలి. మామూలు రేటు కట్టి చేతిలో పెడితే 300 పోయినట్టే. నెల తిరిగేసరికి అది ఒక వాయిదా సొమ్ము.

"అడిగితే రేపట్నుంచి రావద్దంటారు" అన్న భయం ఉంది. ఒక్కరే అడిగితే నిజంగా అలాగే అంటారు. అందుకే ముందు గంటలు రాసుకోండమ్మా. వచ్చిన టైము, వెళ్లిన టైము, చేసిన కిలోలు. పొదుపు పుస్తకం రాసే మనకి ఇది కొత్త కాదు. పదిమంది పుస్తకాలు ఒకే మాట చెప్తే లేబర్ ఆఫీసులోనూ, ఫ్యాక్టరీల తనిఖీ అధికారి దగ్గరా ఆ మాటకి బలం ఉంటుంది.

ఇంకో మాట. సంఘం అప్పుతో జీడిపప్పు, పచ్చళ్లు, కుట్టు యూనిట్లు పెట్టి మనమూ పక్కింటోళ్లని కూలికి పెట్టుకుంటున్నాం. అక్కడ యజమానులం మనమే. "చిన్న యూనిట్, ఫ్యాక్టరీ చట్టం మనకి రాదు" అనుకోవద్దు. కనీస కూలి నిర్ణయించిన పనుల్లో పైగంటలకి ఓటీ ఇవ్వాలని 2023–24లో అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం 14వ సెక్షన్ చెప్తోంది. ఆర్డరొచ్చిందని రాత్రి దాకా కుట్టించి, టీ ఇచ్చి పంపేస్తే మనం బయట అడిగే న్యాయం మన గుమ్మంలోనే ఆగిపోతుంది.

కాబట్టి సమాఖ్య అప్పు తీసుకున్న ప్రతి యూనిట్ గంటల రిజిస్టరు పెట్టాలని, ప్రతి నెలా గ్రామైక్య సంఘం మీటింగులో దాన్ని చూపించాలని తీర్మానం పెడుతున్నాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.