చైనా కప్పు, మా నాయిన కప్పు: వాపస్ వచ్చిన ఒక ఆర్డర్ కథ

ఇవ్వాళ ఎపిసోడ్ మన రూంలో కాదు. నల్గొండ దగ్గర మా ఇంటి వెనక, మా నాయిన సారె పక్కన కూర్చొని మాట్లాడుతున్న. మధ్యల మేకల సౌండ్ వస్తే వస్తది, ఎడిట్ చెయ్య.

నా చేతిలో రెండు కప్పులున్నయ్. ఒకటి ఇరానీ హోటల్‌లో సాసర్‌తో ఇచ్చే తెల్ల పింగాణీ కప్పు. ఇంకోటి మా నాయిన చేసిన ఎర్ర మట్టి కప్పు. వేలితో కొడుతున్న, వినండి. పింగాణీది టింగ్ అంటది. మనది టక్ అంటది. ఈ రెండు చప్పుళ్ళకు తేడా తెలియక నేను మా నాయిన పరువు తీసిన. ఆ కథే ఇవ్వాళ చెప్తా.

మేం కుమ్మరోళ్ళం. మా తాత, మా నాయిన ఇదే పని. ఎండకాలం రంజన్లు, దీపావళికి ప్రమిదలు, బోనాలకు కుండలు, పెండ్లిళ్ళకు ఐరేని కుండలు. నేను మాత్రం బీటెక్ చేసి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, అది వదిలేసి వీడియోల్లోకి వచ్చిన. అట్ల ఒక చాయ్ సెంటర్ ఓనర్ పరిచయమైండు. "బ్రదర్, మీ నాయినతోని కప్పులు చేయిస్తవా? కానీ కడిగి మళ్ళ వాడేటట్టు కావాలె" అన్నడు.

నేను ఏమన్న? "చైనాల వెయ్యేండ్ల నుంచి చేస్తలేరా అన్నా, మాకేం కాదు" అని 500 కప్పులకు ఒప్పుకున్న. నాయినను అడగలే. చెప్పినంక ఆయన ఒక్కటే మాట అన్నడు: "అది తాగి పడేసే గురిగిరా కొడుకా. కడిగేది కాదు." నేను వినలే. అడ్వాన్స్ తీసుకున్న కదా!

పది రోజులకు ఫోన్ వచ్చింది. కప్పుల అడుగున చెమ్మ ఊరుతుందట, టేబుళ్ళు తడుస్తున్నయట, కడిగినా పాత చాయ్ వాసన పోతలేదట. సాయంత్రానికి మిగిలిన కప్పులన్నీ బస్తాల్లో కట్టి ఆటోలో పంపించిండు. నాయిన బస్తా విప్పి చూసి, "నా చేతి కుండ ఎన్నడు వాపస్ రాలే" అన్నడు. తర్వాత రెండు దినాలు సారె ముట్టలే. నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడు కూర్చొని చదవడం మొదలుపెట్టిన. చైనాలో జింగ్‌దేజెన్ అనే ఊరుంది, పింగాణీకి ప్రపంచంలోనే పేరున్న ఊరు. అక్కడ వాడే తెల్ల మట్టి పేరు కెయోలిన్. ఆ ఊరి దగ్గరున్న గావోలింగ్ అనే చోటు నుంచే ఆ పేరొచ్చింది. ఆ మట్టిలో ఒక రకం రాతిపొడి కలిపి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తరు. ఆ వేడికి రాయి లోపల కరిగి గాజు లెక్క అయితది, సందులన్నీ మూసుకపోతయ్. అందుకే నీళ్ళు పీల్చదు, అందుకే టింగ్ అంటది. ఈ రహస్యం పట్టుకోవడానికి యూరప్ వాళ్ళకు 1700 దాటింది. జర్మనీలోని మైసెన్‌లో ఫ్యాక్టరీ మొదలైంది 1710లో.

మరి మనది? చెరువు మట్టి. కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి ఆములో కాలుస్తం. ఆము అంటే కుమ్మరి బట్టీ. ఆ మంట 1300కు చాలా కిందనే ఆగిపోతది. ఒకవేళ అంత వేడి పెట్టినా మన చెరువు మట్టి తట్టుకోదు, వంకర పోయి కరుగుతది. సన్న సన్న రంధ్రాలు ఉండుడే దాని గుణం. ఆ రంధ్రాల నుంచి నీళ్ళు ఊరి ఆవిరైతేనే రంజన్‌లో నీళ్ళు సల్లగైతయ్. అంటే మా నాయిన కప్పులో లోపం లేదు. నేను చెప్పిన మాటలోనే తప్పుంది.

ఇంకో విషయం. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ అనే చైనా పండితుడు పనుల మీద ఒక పుస్తకం రాసిండు. ఒక కప్పు తయారయ్యే లోపు 72 చేతులు మారుతదని అందులో ఉంది. మట్టి దంచేటోళ్ళు వేరు, చేసేటోళ్ళు వేరు, బొమ్మ గీసేటోళ్ళు వేరు, కాల్చేటోళ్ళు వేరు. మా ఇంట్ల చూడండి: మట్టి జల్లించేది అమ్మ, నానబెట్టి తొక్కేది నాయిన, సారె మీద తీసేది నాయిన, నీడకు ఆరబెట్టేది అమ్మ, ఆము పేర్చేది ఇద్దరు. మొత్తం నాలుగు చేతులు. ఫోన్ పట్టుకున్న నా చేతులు లెక్కల రావు.

నాయినను సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకపోయిన. అక్కడ చైనా పింగాణీ చాలా ఉంది. నేను రంగులు, బొమ్మలు చూస్తున్న. ఆయన మోకాళ్ళ మీద వంగి గిన్నెల అడుగు చూస్తుండు. కుమ్మరోడు ముందు అడుగే చూస్తడట, పని అక్కడే తెలుస్తదట. బయటకొచ్చినంక అన్నడు: "మట్టి వేరు, మంట వేరు. చెయ్యి మాత్రం గిదేరా." ఆ బస్తా వచ్చినంక ఆయన నాతోని సక్కగ మాట్లాడింది ఆ రోజే.

తర్వాత చాయ్ సెంటర్ అన్న దగ్గరికి పోయి పైసలు తిరిగిచ్చిన. "తప్పు మా నాయినది కాదన్నా, నాది" అని చెప్పిన. ఇప్పుడు ఆయన ఆదివారాలకు మాత్రం తీసుకుంటుండు, ఒక్కసారి తాగి పడేసే కప్పులుగానే. వాపస్ వచ్చినవి నాయిన పగలగొట్టి ఆము మీద పెంకులుగా కప్పిండు. కొన్నింట్ల అమ్మ మిరప నారు పోసింది.

మీకు ఒక మాట. 2022 జులై 1 నుంచి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ కప్పులు బ్యాన్ అయినయ్. కానీ పేపర్ కప్పు లోపల కూడా సన్న ప్లాస్టిక్ పొర ఉంటది. మట్టి కప్పుకు ఛాన్స్ ఉంది. అట్లని మట్టి కప్పుతోనే అంతా మంచే అని చెప్ప, ఆముకు కట్టెలు కావాలె, కట్టెలకు పైసలు కావాలె. మీ ఊర్ల ఆర్డర్ ఇస్తే మాత్రం, ధర మాట్లాడే ముందు "ఇది దేనికి పనికొస్తది?" అని కుమ్మరినే అడగండి. నా లెక్క ఆయన తరఫున మీరు చెప్పకండి.

నేను ఇప్పుడు రోజూ పొద్దున అరగంట సారె మీద కూర్చుంటున్న. మట్టి ముద్ద ఇంకా నడిమిట్ల నిలుస్తలేదు, పక్కకు పోతుంది. నాయిన నవ్వుతుండు. ఒక్క కప్పు నిలబడ్డ రోజు మీకే ఫస్ట్ చూపిస్త. మీ ఇంట్ల ఏ పని ఆగిపోయిందో కామెంట్ల రాయండి. ఉంటా మరి, నమస్తే.