పడినట్లా, పడనట్లా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము విన్నాము. ఆదాయము చదివిన గొంతుతోనే పంతులుగారు వ్యయమును కూడ చదివినారు. అట్టి దాపరికము లేని లెక్క మన పెద్దవారి విషయమున కూడ ఉండవలెనని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

సంఘము తరఫున మేము కొందరము నెలకొకసారి ఈ బెంగుళూరులోని ఒక వృద్ధాశ్రమమునకు వెళ్లి, అచటి తెలుగు పెద్దవారిని పలుకరించి వచ్చుచుందుము. నిరుడు అచట ఒక మామ్మగారు తెల్లవారుజామున మంచము దిగబోయి జారినారు. ఆయా పట్టుకొని మెల్లగా నేలపై కూర్చుండబెట్టినది. దెబ్బ తగులలేదు. పుస్తకములో "క్షేమము" అని వ్రాసినారు. మామ్మగారు మాతో ఆ సంగతి చెప్పి, "అబ్బాయికి చెప్పకండర్రా, బెంగపడతాడు" అన్నారు. మేమును ఊరకున్నాము. పదిహేను దినములు తిరుగకుండ ఆమె స్నానాలగదిలో పడి, తుంటి ఎముక విరిగినది. విదేశమునుండి కుమారుడు ఫోను చేసి, "అమ్మ ఇదివరలో ఎప్పుడైనా పడిందా?" అని అడిగితే ఆశ్రమమువారు "లేదు" అన్నారు. వారు అబద్ధమాడలేదు. వారి దృష్టిలో అది పడుట కాదు. మా దృష్టిలోను కాదు. పొరపాటు అచటనే ఉన్నది.

మరి ఏది పడుట? ఈ ప్రశ్నను అమెరికాలో వ్రాతపూర్వకముగా తేల్చినారు. అచట నర్సింగ్ హోం అనగా మనవలె చిన్న ఆసుపత్రి కాదు. వృద్ధులు ఏండ్ల తరబడి ఉండి పరిచర్య పొందు చోటు. 1987లో చేసిన చట్టమును అనుసరించి, ప్రభుత్వ పథకముల సొమ్ము తీసికొను ఇట్టి గృహములన్నియు ప్రతి వృద్ధుని స్థితిని ఒకే నమూనా పత్రములో వ్రాయవలెను. ఆ పత్రపు సూచనల ప్రకారము, మనిషి తాననుకొనకుండ నేలమీదికి గాని, తగ్గున నున్న మంచము, కుర్చీ, పరుపుమీదికి గాని చేరుట పడుటయే. పడబోవుచుండగా మరొకరు పట్టుకొన్నను, తానే ఆపుకొన్నను అదియు పడుటయే. ఎవరును చూడకపోయినను నేలపై కనబడితే, వేరు ఆధారము లేనంతవరకు పడినట్లే. వ్యాయామము చేయించువారు దగ్గరనుండి నిలకడను పరీక్షించునపుడు, ముందే ఊహించిన తూలు మాత్రము లెక్కకు రాదు.

గాయమైనదా అనునది తరువాతి ప్రశ్న. లేదు, స్వల్పము, తీవ్రము అని దానికి వేరే గళ్లు ఉన్నవి. గాయమై, వైద్యుడు చూడవలసి రాగలదని తోచిన యెడల, వైద్యునికిని ఇంటివారికిని వెంటనే తెలుపవలెను.

దెబ్బ తగులనిదానిని వ్రాయుట దేనికని మీరడుగవచ్చును. లేవగానే రక్తపుపోటు తగ్గుట, నిద్రమాత్ర, మందగించిన చూపు, తడినేల—మొదటిసారి తూల్చిన కారణము రెండవసారికి కూడ అచటనే కాచుకొని ఉండును. తలకు తగిలినపుడు, ముఖ్యముగా రక్తము పలుచబడు మందు వాడువారికి, లోపలి రక్తస్రావము దినములకు, వారములకు గాని బయటపడకపోవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా సుమారు 6,84,000 మంది పడుటవలన మరణించుచున్నారు. అట్టి మరణములు 60 ఏండ్లు దాటినవారిలోనే అత్యధికము.

కనుక మన పెద్దవారిని చేర్చునపుడే ఆశ్రమమువారితో మూడు మాటలు అనుకొందము. పట్టుకొన్నదానితో సహా ప్రతి పడుటయు వ్రాయవలెను. గంట, చోటు, చేయబోయిన పని, తలకు తగిలినదా అనునవి, ఆయాకును మామ్మగారికిని తెలియునట్లు కన్నడములోను తెలుగులోను ఉండవలెను. వ్రాసినందుకు ఆయాను దండింపరాదు. దండనకు భయపడుచోట పుస్తకము ఎల్లప్పుడును "క్షేమము" అనియే పలుకును.

మామ్మగారు ఇప్పుడు చేతికర్రతో నాలుగడుగులు వేయుచున్నారు. మొన్న మేము వెళ్లగానే, "నిన్న మళ్లీ తూలానర్రా, వ్రాసుకోండి" అన్నారు. వ్రాసికొన్నాము. ఈసారి అబ్బాయికి కూడ చెప్పినాము.