జహీరాబాద్ విత్తనాల బుట్టలు

జహీరాబాద్ చుట్టుపక్కల కొర్ర, సామ, తైదలు, పచ్చజొన్న ఒకనాడు ఇంటింటి పంటలు. చవక బియ్యం వచ్చాక వాటిని అడిగేవాళ్ళు తగ్గారు. విత్తనమే పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో ఊరూరా మహిళా సంఘాలు లేచాయి. ఎక్కువమంది దళిత స్త్రీలే, కొద్దిపాటి చెలక ఉన్నవాళ్ళు. బూడిద, వేపాకు కలిపి విత్తనాన్ని బుట్టల్లో పోసి, మట్టితో మూతలు అలికి దాచారు. కావలసినవాళ్ళు డబ్బివ్వక్కర్లేదు; పంట చేతికొచ్చాక విత్తనమే కొంత ఎక్కువ కలిపి తిరిగి పోస్తారు. అప్పంటే ఇలా ఉండాలనిపిస్తుంది నాకు! ఒకే చేనులో పదిపదిహేను రకాలు కలిపి చల్లడం వాళ్ళకు అలవాటు. వాన మొహం చాటేసినా ఏదో ఒకటి నిలబడి ఇంటికి గింజలొస్తాయి.

ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లలో విత్తనాల కుండలు ఊరూరా తిరుగుతాయి, ముందు డప్పులు, పాటలు.

2008లో మాచనూరులో ఈ సంఘాల మహిళలు సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. అక్కడ మైకు ముందు కూర్చుని విత్తనాల ముచ్చట్లు చెప్పేదీ ఆ ఊళ్ళ ఆడవాళ్ళే.