క్రొత్త నాణెమునకు జామీనెవరు?

(నల్లగొండ పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెములను గూర్చి మాటలాడుడని మమ్ము కోరితిరి. కంటికి గానరాని ధనము మనకు క్రొత్త. రెండు నాణెముల నడుమ నలుగుట మాత్రము నల్లగొండ, పాలమూరు జిల్లాలకు క్రొత్త గాదు.

హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా చెల్లుచుండెను. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరినచో కల్దారు, అనగా ఇండియా రూపాయి. నూరు కల్దారులకు సుమారు నూట పదునాఱు హాలీలు. ఈ మారకము సాహుకారునకు కరతలామలకము. ఆముదముల బండి తోలుకొని వచ్చిన కాపునకు అగమ్యగోచరము. వట్టము క్రింద పోయిన సొమ్మెవరిదో వేఱుగ చెప్ప బనిలేదు. 1947లో నిజాము ప్రభుత్వము ఇండియా రూపాయి తన యెల్లలలో చెల్లదని ఆర్డినెన్సు చేసి, నాణెమును రాజకీయాయుధముగ గూడ వాడి చూచెను. అయినను హాలీ సిక్కా వెనుక నొక ఖజానా యుండెను. అది తొలగినపుడు 7 హాలీలకు 6 ఇండియా రూపాయల వంతున మారకము లభించెను. 1959లో దాని చెల్లుబాటు ముగిసెను.

బిట్‌కాయిన్‌కు ఖజానా లేదు. సతోషీ నకమోతో అను మాఱుపేరుతో 2008లో ప్రకటింపబడిన పద్ధతి యిది. 2009 జనవరిలో ఆరంభమయ్యెను. నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు. పద్దు ఒక్కరి చేతిలో నుండదు. వేలకొలది యంత్రములలో నుండును. పట్వారీ కలముపోటునకు భూములు పోగొట్టుకొన్న మన ప్రాంతమువారికి, ఎవడును దిద్దజాలని పద్దన్న మాట చెవికింపుగనే యుండును. దానిని మేము పరిహసింపము. కాని దొంగ వ్రాయించుకొన్న పద్దును గూడ ఎవడును దిద్దజాలడు గదా! 2024 జూలైలో మన దేశపు మారకపు సంస్థయగు వజీరెక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు అపహరింపబడెను.

ధర మాట యేమి? 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లు పలికిన బిట్‌కాయిన్, ఏడాది తిరుగునప్పటికి 17 వేలకు దిగజారెను. బొంబాయిలో మట్టి మోసి పాలమూరునకు సొమ్ము పంపు కూలి, కూతురి పెండ్లికి దాచినది యిట్లు కరగినచో ఎవరినడుగవలెను?

చట్టము సంగతి. బ్యాంకులు ఈ వ్యాపారమునకు దూరముగ నుండవలెనని 2018లో రిజర్వు బ్యాంకు చేసిన యుత్తరువును 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసెను. 2022లో లాభముపై నూటికి 30 వంతు పన్ను విధించిరి. ఒక నాణెపు నష్టమును వేఱొకదాని లాభములో తగ్గింపరాదనిరి. సర్కారు తన పాలు లెక్క తప్పక అడిగినది. సొమ్ము పోయినవానికి ఆ పన్ను చట్టము ఏ దారియు చూపలేదు. అదే యేడు డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు సామాన్యులకై డిజిటల్ రూపాయిని పరీక్షార్థము వెలువరించెను. దీనికి జామీనున్నది, అయితే ప్రతి చెల్లింపు మీదను సర్కారు కన్ను పడకుండ హద్దులు గీయవలసియున్నది.

మొన్న నొక పత్తిరైతు కొడుకు మా వద్దకు వచ్చెను. నెలలో రెండింతలగునని నమ్మి, ఫోనులో పరిచయమైనవానికి పంట సొమ్ము పంపెను. దావా వేయుడనెను. మేము కాగితము తీసితిమి. ప్రతివాది పేరు, తండ్రి పేరు, నివాసము: మూడును ఖాళీ.

అందుచేత మా కోరిక యొక్కటే. ఈ నాణెములు అమ్మువాడు, వానికి పట్టణములలో దళారిపని చేయువాడు తన పేరు, చిరునామా సర్కారు దగ్గఱ నమోదు చేయించి, ధరావతు కట్టి, మన జిల్లా కోర్టులోనే జవాబు చెప్పుకొనునట్లు శాసనము కావలెను. ఆ మేరకు వ్రాసిన విజ్ఞప్తి బల్లమీద నున్నది. సంతకములు చేయువారు చదివి చేయుడు. ఇదివఱకే సొమ్ము పంపినవారు రసీదులు, ఫోను సందేశములు చెఱిపివేయక, ఆదివారమునాడు ఇచ్చటికే తీసికొనిరండు.