టీ కొట్టులో మంత్రగత్తె



మంత్రాల కథ అనగానే మనకు మాయల మరాఠీయే గుర్తు. 1942 నాటి జెమినీవారి 'బాలనాగమ్మ' చూచినవారి వలన మన ఇళ్ళలో ఆ పేరు నిలిచినది. వాని మంత్రమంతా ఒక ఇల్లాలిని కుక్కను చేసి ఎత్తుకొనిపోవుటకే!

రెబెక్కా థోర్న్ వ్రాసిన 'కాంట్ స్పెల్ ట్రీజన్ వితౌట్ టీ' 2022లో వచ్చిన ఇంగ్లీషు నవల. రాణిగారి అంగరక్షకురాలు రేనా, మంత్రశక్తిలో మేటి కియాంథే. ఇద్దరు స్త్రీలూ ప్రేమించుకొని, కొలువులు విడిచి, డ్రాగన్ల పొలిమేరలో టీ, పుస్తకాల కొట్టు పెట్టుదురు. మేము నైట్ డ్యూటీలో చదివితిమి.

మా రాజపాళయం వీధిలో ఇద్దరమ్మలు పెండ్లి లేక కలిసి ఉన్నారు. బిడ్డకు జ్వరము వస్తే వారి చూపే అనువారు. మేమును దిష్టి తీయించితిమి. మొన్న కాఫీపొడి పొట్లముతో వెళ్ళితిమి.

"లోపలికి రా అబ్బాయీ, చక్కెర ఎంత వేయమంటావు?" అనిరి.