తీసివేయవలసిన పుట ఏది?
(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



గూళూరులోనే గాక బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఏ పాత బడి బీరువా తెరిచినా చోటు చాలదన్న మాటే ముందు వినవస్తుంది. కొత్త పుస్తకాలు రాగానే కొన్నింటిని అటక మీదికి చేర్చక తప్పదు. వేటిని? పాతవాటిని అనడం సులభం. అయితే బీరువాలో అన్నింటికన్నా పాతది అడ్మిషన్ రిజిస్టరు. ఎన్నడో చదివి వెళ్లినవారు పుట్టిన తేదీ ధ్రువీకరణ కోసం వచ్చి అడిగేది దానినే. పాతదని తీసివేస్తే మరునాడే నిచ్చెన వేసుకోవాలి.

కంప్యూటరుకూ ఇదే చిక్కు. పని జరిగే మెమరీ వేగమైనది, కాని చిన్నది. సమస్తమూ దాచే డిస్కు పెద్దది, కాని నిదానం. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో 1962లో ప్రారంభమైన అట్లాస్ యంత్రం ఈ రెంటినీ ఒకే మెమరీగా భ్రమింపజేసింది. దానినే వర్చువల్ మెమరీ అంటారు. సమాచారాన్ని 512 పదాల పుటలుగా విభజించారు. వేగమైన మెమరీలో 32 పుటలకే చోటు. మిగిలినవి తిరిగే డ్రమ్ము మీద. కావలసిన పుట లేకపోతే డ్రమ్ము నుండి తేవాలి, దానికోసం ఒక పుటను ఖాళీ చేయాలి. ఏది?

ముందు వచ్చినది ముందు పోవాలన్నది ఒక నియమం. న్యాయంగానే కనిపిస్తుంది. ఒక విద్యార్థి బల్ల మీద మూడు పుస్తకాలకే చోటున్నదనుకొందాం. అతనికి వరుసగా తెలుగు, కన్నడం, గణితం, విజ్ఞానం, మరల తెలుగు, కన్నడం, ఆపై ఆంగ్లం, తరువాత తెలుగు, కన్నడం, గణితం, విజ్ఞానం, ఆంగ్లం కావాలి. ఈ నియమం ప్రకారం అతడు బీరువాకు 9 సార్లు వెళ్లాలి. జాలిపడి నాలుగు పుస్తకాలు పట్టే బల్ల ఇస్తే? 10 సార్లు! నమ్మనివారు సుద్దముక్కతో పలక మీద వేసి చూడవచ్చు. ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు బెలాడీ తన సహచరులతో కలిసి ఈ వింతను 1969లో ప్రకటించాడు. చోటు పెంచితే చాలు, అన్నీ చక్కబడతాయనుకొనేవారికి ఇది గట్టి దెబ్బ.

అంతకు ముందే, 1966లో, అదే బెలాడీ అత్యుత్తమమైన పద్ధతి ఏదో చూపించాడు. అందరికన్నా ఆలస్యంగా మరల అవసరమయ్యే పుటను తీసివేయాలి. పై ఉదాహరణలో మూడు పుస్తకాల బల్లతోనే 7 సార్లతో పని ముగుస్తుంది. కాని రేపు ఏది కావాలో యంత్రానికి ఎవరు చెబుతారు? కనుక ఆ పద్ధతి కొలబద్దగా మాత్రమే నిలిచింది.

భవిష్యత్తు తెలియనప్పుడు సమీప గతమే ఆధారం. చాలాకాలంగా ముట్టని పుటను తీయడం అందుకు పుట్టిన నియమం. ఇదీ సర్వోత్తమం కాదు. ఆ విద్యార్థికే మూడు పుస్తకాల బల్లతో 10 సార్లు తప్పదు. అయితే నాలుగైతే 8కి తగ్గుతుంది. చోటు పెరిగితే నష్టం రాదన్న భరోసా దీనికున్నది. ప్రతి పుటనూ ఎప్పుడు ముట్టారో వ్రాసుకోవడం యంత్రానికి భారం గనుక, ముట్టినప్పుడు ఒక చిన్న గుర్తు మాత్రం పెడతారు. గడియారపు ముల్లులా చుట్టూ తిరుగుతూ, గుర్తున్న పుటకు దానిని చెరిపి మరొక అవకాశమిస్తారు. గుర్తు లేనిదాన్ని తీస్తారు. మల్టిక్స్ వ్యవస్థలో కోర్బాటో 1968 ప్రాంతంలో పరీక్షించిన ఉపాయమిది.

అవసరమైన పుటలన్నింటికీ కలిపి చోటే చాలకపోతే ఏ నియమమూ ఆదుకోదు. తెచ్చిన పుట వాడకముందే పోతుంది. యంత్రం మోతతోనే అలసిపోయి పని ముందుకు సాగదు. దీనికి పీటర్ డెన్నింగ్ 1968లో కారణాలు వివరించి, పరిష్కారం కూడా సూచించాడు: ఒకేసారి చేపట్టే పనులను తగ్గించడం. ఒకే సాయంత్రం మూడు ట్యూషన్లకు పిల్లవాణ్ణి పరుగెత్తించే ఇళ్లలో ఈ దృశ్యం కొత్త కాదు.

ఇంకొక జాగ్రత్త ఉన్నది. మార్పు లేని పుటకు డిస్కులో ప్రతి ఉంటుంది గనుక దాన్ని ఊరకే వదలవచ్చు. కొత్తగా వ్రాత పడిన పుటను మాత్రం ముందు డిస్కుకు ఎక్కించిన తరువాతే తీయాలి. అచ్చు పుస్తకం పోతే అంగడిలో మరొకటి దొరుకుతుంది. అడ్మిషన్ రిజిస్టరులో ఏటేటా చేతివ్రాతతో కొత్త పేర్లు చేరుతూనే ఉంటాయి.