గుడ్ మార్నింగ్ ఒక మాటా, రెండు మాటలా?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకెందుకు పండుగో మీకు చెప్పనక్కరలేదు. పింఛను సర్కారు వారి దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి, కరవు భత్యం బకాయిల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇంతవరకూ మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. ఇంగ్లీషు పలకరింపు మాటలను కలిపి రాయాలా, విడదీసి రాయాలా అన్నది. మన సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే సందేశాలు చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. ఇచ్చింది పావుగంట. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక గడువు దాటను.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. 1972లో టైపు పరీక్ష పాసై తాలూకా కచేరీలో చేరాను. చేరిన ఏడాదే తహసీల్దారు గారికి బదిలీ అయింది. వీడ్కోలు పత్రం ఇంగ్లీషులో అచ్చు వేయించాలన్నారు. ప్రెస్సుకు పంపే కాపీ టైపు చేసే పని నాకు పడింది. పైన శీర్షిక పెద్ద అక్షరాలలో అందంగా కొట్టాలని 'ఫేర్' అని కొట్టి, స్పేస్ బార్ నొక్కి, 'వెల్' అని కొట్టాను. కాగితం హెడ్ గుమాస్తా గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

కాసేపటికి ఆయన నన్ను రికార్డు గదిలోకి పిలిచారు. తలుపు దగ్గరగా వేసి, "ఏమోయ్, ఫేర్ అంటే బస్సు చార్జీ. వెల్ అంటే బావి. దొరగారికి చార్జీ ఇచ్చి మరీ బావిలోకి పంపిస్తున్నావా?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయనే మళ్ళీ విడమరచి చెప్పారు. ఫేర్ అనే మాటకు పూర్వం ఇంగ్లీషులో ప్రయాణం చేయడం, సాగిపోవడం అని అర్థం ఉండేదట. ఫేర్‌వెల్ అంటే 'చల్లగా వెళ్ళండి' అని. మనవాళ్ళు 'క్షేమంగా వెళ్ళి లాభంగా రండి' అంటారే, అదే. ఆ రెండు ముక్కలూ ఏనాడో కలిసి ఒకే మాటయ్యాయి. ఇప్పుడు వాటిని విడదీస్తే చార్జీ, బావీ మిగులుతాయి.

ఆ రోజు నుంచి నాకు ఈ ఖాళీల పిచ్చి పట్టుకుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్న నాలుగు ముక్కలు మీ ముందుంచుతాను.

మొదటిది, గుడ్ మార్నింగ్. ఇది ఎప్పుడూ రెండు మాటలే. గుడ్ ఆఫ్టర్‌నూన్, గుడ్ ఈవినింగ్ కూడా అంతే. గుర్తు పెట్టుకోవడానికి నేనొక ఉపాయం చేసుకున్నాను. గుడ్ అనేది ఇంటి యజమాని అనుకోండి. మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, ఈవినింగ్ అద్దెకున్నవాళ్ళు. పూటపూటకూ మారిపోతుంటారు. అద్దెకున్నవాడికి యజమానికీ మధ్య గోడ ఉంటుంది కదా. ఆ గోడే ఖాళీ. అయితే ఆఫ్టర్‌నూన్ మాత్రం తనలో తాను ఒకే మాట. మన మధ్యాహ్నం అనే మాటలో మధ్య, అహ్నం కలిసిపోయినట్లే, ఇంగ్లీషువారికి ఆఫ్టర్, నూన్ కలిసిపోయాయి.

గుడ్ నైట్‌కు కొంచెం వెసులుబాటు ఉంది. సెలవు తీసుకుంటూ చెప్పేటప్పుడు విడదీసి రాయడం మంచి పద్ధతి. కలిపి రాయడాన్ని కూడా కొన్ని నిఘంటువులు ఒప్పుకుంటాయి. ఇక్కడ ఇంకొక సంగతి. రాత్రి తొమ్మిది గంటలకు ఎదురుపడిన మనిషిని గుడ్ నైట్ అని పలకరించకూడదు. అది విడిపోయేటప్పటి మాట. కలిసినప్పుడు ఎంత పొద్దుపోయినా గుడ్ ఈవినింగే.

రెండవది, గుడ్‌బై. ఇది ఒకే మాట. మన చిన్నప్పటి పుస్తకాలలో నడుమ అడ్డగీత ఉండేది. ఇప్పుడు చాలామంది అదీ తీసేశారు. ఇందులో గుడ్ అసలు గుడ్డే కాదని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. 'దేవుడు మీకు తోడుండుగాక' అనే అర్థం గల ఇంగ్లీషు వాక్యం పదహారో శతాబ్దం నాటికి నోళ్ళలో నలిగి నలిగి ఇంతటి మాటగా కుదించుకుపోయింది. గాడ్ అన్న చోట, గుడ్ నైట్ వంటి మాటల సావాసం చేత, గుడ్ వచ్చి చేరింది. నాలుగు మాటల వాక్యం ఒక్కటిగా ముద్దయ్యాక దాన్ని మళ్ళీ ఎక్కడ తెంచుతాం?

మూడవది, థాంక్ యూ. రెండు మాటలు. 'నేను మీకు కృతజ్ఞతలు చెబుతున్నాను' అనే వాక్యంలో 'నేను' రాలిపోగా మిగిలింది ఇది. ఇందులో క్రియ ఉంది, 'మీరు' ఉన్నారు. మిమ్మల్ని తీసుకువెళ్ళి క్రియకు అంటించకూడదు. హాపీ బర్త్‌డేలో బర్త్‌డే ఒక మాట, హాపీ వేరు. హాపీ న్యూ ఇయర్ మూడు మాటలు. జనవరి ఒకటో తేదీ దగ్గర పడింది కనుక ఇది త్వరలోనే పనికివస్తుంది.

నాలుగవది, వెల్‌కమ్. పెళ్ళి పందిళ్ళ దగ్గర, కచేరీ గేట్ల దగ్గర దీన్ని రెండు ముక్కలు చేయడం మనం చూస్తూనే ఉంటాం. ఒక్కోచోట ఎల్ అక్షరం కూడా రెండుసార్లు వేస్తారు. ఇది ఒకే మాట, ఎల్ ఒక్కటే. పాత ఇంగ్లీషులో దీనికి 'రావాలని మనసు కోరుకున్న అతిథి' అని అర్థం. ఎంత చక్కటి మాటో చూడండి.

ఈ మాట దగ్గరే నా గర్వం అణిగింది. మా అమ్మాయి పెళ్ళికి ఇంగ్లీషు శుభలేఖ ప్రూఫు నాలుగుసార్లు దిద్దాను. ఒక్క ఖాళీ కూడా తప్పు పోనివ్వలేదు. కల్యాణ మండపం ముందు తెలుగులో పెద్ద బంగారు అక్షరాలతో 'సుస్వాగతం' అని పెట్టించాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట మా ఊరి తెలుగు పండితుడు గారు నా పక్కకు వచ్చి మెల్లిగా అన్నారు: "బాబూ, సు, ఆగతం కలిస్తేనే స్వాగతం. అందులో సు ముందే ఉంది. దాని ముందు మళ్ళీ సు ఎందుకు?" వాడుకలో ఉన్న మాటే కదా అని సర్దుకోవచ్చు. కాని పరాయి భాషలో ఖాళీల లెక్క చూసినవాణ్ణి, సొంత భాషలో సంధి చూసుకోలేదు. ఆయన ఆ మాట వియ్యాలవారి ముందు అనలేదు. నా చెవిన మాత్రం వేశారు. రికార్డు గది తలుపు దగ్గరగా వేసిన హెడ్ గుమాస్తా గారు నాకు ఆ క్షణాన గుర్తుకు వచ్చారు.

అంత గుర్తుండీ నేను చేసిన పని ఒకటి ఇప్పుడు చెప్పాలి. ఎవరి విషయంలో చేశానో ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు. చెప్పమని అనుమతి ఇచ్చారు.

ఆయన భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. రోజూ తెల్లవారుజామున అయిదున్నరకు ఒక మందారపువ్వు బొమ్మ, దాని కింద గుడ్ మార్నింగ్, మధ్య ఖాళీ లేకుండా కలిపేసి, మన గ్రూపులో పెట్టేవారు. కొన్ని నెలలు చూశాను. ఒకరోజు ఉండబట్టక అందరికీ కనబడేలా రాశాను: "ఇది రెండు మాటలండీ. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసినవారికి ఇది తెలియకపోతే ఎలా?" ఇద్దరు ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. నేనూ లోపల సంతోషించాను.

మర్నాడు మందారపువ్వు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలిగారనుకున్నాను. రెండు రోజులలో ఆయనే సర్దుకుంటారులే అని ఫోను చేయలేదు. మిగతావారూ అలాగే అనుకున్నారు. మూడోరోజు పాలవాడు తలుపు కొట్టి, పలకకపోయేసరికి పక్కింటివాళ్ళను పిలిచాడు. మనిషి జ్వరంతో, మంచినీళ్ళు అందుకునే ఓపిక కూడా లేక మంచం మీద పడి ఉన్నారు. ఆసుపత్రిలో ఆరు రోజులున్నారు. దేవుడి దయవల్ల కోలుకున్నారు.

చూడడానికి వెళ్ళి, క్షమించమన్నాను. "అలక కాదండీ," అన్నారాయన. "మర్నాడు ఫోను తీశాను. ఒకటా, రెండా అని అనుమానం వచ్చింది. మళ్ళీ తప్పు రాస్తే నవ్వుతారని పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రమే జ్వరం అందుకుంది."

మిత్రులారా, ఆ పువ్వు బొమ్మ రోజూ మనకు చెప్పింది 'నేను లేచాను, బాగున్నాను' అని. దాని కింది అక్షరాల మధ్య ఖాళీ లేదని చూశాను గాని, రెండు పొద్దుల పాటు ఆ బొమ్మే లేకపోతే ఆరా తీయలేదు. ఆయన జ్వరానికి నేను కారణం కాకపోవచ్చు. ఆ రెండు రోజులు ఎవరూ తలుపు కొట్టకపోవడానికి మాత్రం నేనే కారణం.

అందుకని రెండు మనవులు. పైన చెప్పిన నాలుగు ముక్కలూ నేర్చుకోండి. మనవలు నవ్వకుండా ఉంటారు, మనకూ తృప్తి. ఎవరైనా తప్పు రాస్తే విడిగా ఫోను చేసి చెప్పండి, గ్రూపులో వద్దు. అనుమానం ఉన్నవారు తప్పో ఒప్పో ముందు సందేశం పంపించండి, మానవద్దు. రెండో మనవి కార్యవర్గానికి. ఒంటరిగా ఉంటున్న సభ్యుల పేర్లు వీధుల వారీగా ఒక జాబితా రాసి, ఒక్కొక్కరికీ దగ్గరలోని సభ్యుణ్ణి ఒకరిని అప్పగించండి. ఎనిమిది గంటల లోపు పలకరింపు రాకపోతే వారు ఫోను చేయాలి. ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాలి. జాబితా రాసే పని నాకివ్వండి, ఈ వారంలోనే రాసి ఇస్తాను.

ముందు వరుసలోని మా మిత్రుడు ఇప్పుడు మందారపువ్వు కింద 'శుభోదయం' అని రాస్తున్నారు. గుణసంధి జరిగి రెండూ ఎప్పుడో కలిసిపోయాయి కనుక ఇక ఖాళీ గొడవ లేదంటారు. ఈ పొద్దున అయిదున్నరకు వచ్చింది. చూసుకుని, జవాబు పెట్టిన తర్వాతే కాఫీ తాగాను.